దత్తాత్రేయులు మాస్టారి దంత్యాలు

మా అల్లుడి కారులో దారి చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. ఫోనులో ఉంటుంది. మనిషి కనబడదు గాని గొంతు బాగానే ఉంటుంది. మొన్న అంగలకుదురు దాటుతుండగా ఆ అమ్మాయి ‘టెనాలి’ చేరుకుంటున్నామని చెప్పింది. నేను పుట్టిన ఊరు తెనాలి. ట అనాలంటే నాలుక అంగిటికి తగలాలి, త అనాలంటే పళ్ళకు తగలాలి. ఆ పిల్లకు పళ్ళు లేవేమోనన్నాను. అల్లుడు నవ్వలేదు. నా పరిహాసాలకు నవ్వకూడదని మా ఇంట్లో ఏదో ఒప్పందం ఉన్నట్టుంది. ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక కిటికీ అద్దం దించుకుని కూర్చున్నాను. త అనే అక్షరాన్ని ఎవరైనా అలా పాడుచేస్తే నా చెవిలో మోగేది ఇంకో గొంతు. “నాలుక ఎక్కడ తిరుగుతోందయ్యా? పళ్ళ దగ్గరికి రమ్మను” అంటుంది అది. ఆ గొంతు దత్తాత్రేయులు మాస్టారిది.

అరవైలలో నేను బి.యస్సీ. పట్టా పుచ్చుకుని రేపల్లెలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. ఆయన అక్కడ తెలుగు పండితులు. సొంత ఊరు బాపట్ల. ఆయన పద్యం అందుకుంటే పక్క క్లాసులో లెక్కలు ఆగిపోయేవి. పిల్లలు వింటున్నారన్న వంకతో లెక్కల మాస్టారే ఆపేవారు. మాస్టారి ప్రాణమంతా దంత్యాల మీద ఉండేది. నాలుక కొన పళ్ళకు తగిలితే పుట్టే అక్షరాలు దంత్యాలు. త, ద, న లాంటివన్నమాట. చలిలో చ వేరు, చెలిలో చ వేరు. మొదటిది పళ్ళది, రెండోది అంగిటిది. ఈ తేడా తెలియనివాడికి ఓటు హక్కు ఇవ్వడం తొందరపాటని ఆయన అభిప్రాయం. నాది తెనాలి అని తెలిసినప్పుడు మాత్రం కొంచెం గౌరవంగా చూశారు. ఆ పేరులో మూడక్షరాలూ దంత్యాలేనట. ఇందులో నా ప్రయోజకత్వం ఏమీ లేకపోయినా, ఆ గౌరవాన్ని కాదనలేదు.

ఆ రోజుల్లో హాస్యమంటే గట్టిగా చెప్పాల్సిందనుకునేవాణ్ణి. చెప్పి, అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. ఒకరోజు స్టాఫ్‌రూములో అలాగే ఏదో చెప్పి విరగబడి నవ్వుతుంటే ఆయన నావైపు జాలిగా చూశారు. “హాస్యం పళ్ళదాకా రావాలయ్యా, దాటకూడదు. దాటితే ఇక వినేవాడికి పనేముంది?” అన్నారు. కాలేజీలో నాకెవరూ చెప్పని పాఠం అది. ఎంత శ్రద్ధగా నేర్చుకున్నానంటే, నా పెళ్ళినాటికి నేను పరిహాసమాడుతున్నానో నిజం చెబుతున్నానో మా ఆవిడకు తెలియని స్థితికి చేరుకున్నాను. అంతా ఆయన చలవ.

ఒక వేసవిలో ఆయనకు కొత్త చెప్పు కరిచింది. కాలి చిటికెన వేలి మీద చిన్న పొక్కు. చక్కెర జబ్బు అప్పటికే ఉంది. పొక్కు పుండైంది, పుండు మానలేదు. చక్కెర చూసే పని నామీద పడింది. అప్పట్లో మూత్రంలో నీలం రంగు ద్రావణమొకటి కలిపి కాచేవాళ్ళం. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, ఆకుపచ్చకు తిరిగితే కొద్దిగా ఉన్నట్టు, ఇటిక రంగుకు తిరిగితే బోలెడు ఉన్నట్టు. స్కూలు లాబొరేటరీలో స్పిరిటు దీపం మీద గురుతుల్యుల మూత్రం కాచడం సైన్సు మాస్టరు విధుల్లో ఉందో లేదో నేనెవర్నీ అడగలేదు. ప్రతిసారీ ఇటిక రంగే. ఇన్సులిను పెంచారు, అయినా ఇటికే. ఆయన భార్యను నేను పిన్నిగారనేవాణ్ణి. ఆవిడ బెల్లం డబ్బాకు తాళం వేశారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, “నువ్వేమన్నా చాటుగా తెచ్చిపెడుతున్నావా బాబూ?” అని మెల్లిగా అడిగారు.

వేలు నల్లబడ్డాక ముగ్గురం రైలెక్కి తెనాలిలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన కట్టు విప్పి చూశారు. తర్వాత మాస్టారి మొహం దగ్గరగా వంగి, నోరు తెరవమన్నారు. గాయం కాలికని మాస్టారు గుర్తుచేశారు. డాక్టరు, అది చూశాను, నోరు తెరవండి, అన్నారు. వేలితో చిగురు నొక్కితే పచ్చగా చీము వచ్చింది. ఈ వాసన ఎన్నాళ్ళుగా ఉందని పిన్నిగారిని అడిగారు. పిన్నిగారు నేలచూపులు చూశారు. నేను గోడమీద క్యాలెండరు చూశాను. అందరికీ తెలుసు. స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. గౌరవంకొద్దీ ఎవరూ కూర్చోరని కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేవాళ్ళం. గౌరవం కూడా ఉంది మరి. నోటితో బతికే మనిషికి, అంతటి పండితుడికి, మీ నోరు వాసనండీ అని ఎవరు చెబుతారు? రోజూ వేపపుల్లతో తోముకునే ఆయనకు తనంతట తెలిసే దారీ లేదు. ఎవరి నోటి సంగతి వాళ్ళకే ఆఖరున తెలుస్తుంది.

డాక్టరు విడమరిచి చెప్పారు. చిగుళ్ళ కింది చీము అక్కడే కూర్చోదు, రక్తంలోనూ కలుస్తుంది. ఒంట్లో ఎక్కడ చీమున్నా చక్కెర దిగదు. చక్కెర దిగకపోతే కాలి పుండు మానదు. ఆ చక్కెరే మళ్ళీ చిగుళ్ళను తింటుంది. “కట్టేమో కాలికి కడుతున్నారు, జబ్బేమో నోట్లో కూర్చునుందండి” అన్నారు. ఒక్క పన్నూ గట్టిది లేదు. అన్నీ తీసెయ్యాలి, లేకపోతే ఇవాళ వేలు, రేపు పాదం. ఇప్పుడైతే ముందే చిగుళ్ళు శుభ్రం చేసి చాలా పళ్ళు నిలబెడతారు. అప్పటికి ఆయన నోరు ఆ దశ దాటిపోయింది. పై పళ్ళు పీకిస్తే చూపు పోతుందంటారు కదా అని పిన్నిగారు భయపడ్డారు. “పళ్ళకూ కళ్ళకూ ఏ సంబంధమూ లేదమ్మా. ఉన్న సంబంధమల్లా ఆ కాలితోనే” అన్నారు డాక్టరు.

మాస్టారు లేచి నిలబడ్డారు. “కాలే తీసెయ్యండి. కుర్చీలో కూచుని పాఠం చెప్పుకుంటాను. పళ్ళు లేకుండా దంత్యాలు ఎలా పలకను? నా పేరు నేనే చెప్పుకోలేను” అన్నారు. డాక్టరు ‘దత్తాత్రేయ’ అని లోపల ఒకసారి అనుకుని చూసుకుని, నిజమేనండి అని ఒప్పుకున్నారు. కాని మందు మార్చలేదు.

తిరుగు రైలు వేమూరు దాటింది. అప్పుడు పిన్నిగారు, కిటికీలోంచి చూస్తూనే, అన్నారు: “మీ దంత్యాలేంటో నాకు తెలియదండి. పెళ్ళైన కాణ్ణుంచీ మీరు మాట్లాడుతూనే ఉన్నారు, సగం నాకర్థం కాలేదు. సాయంత్రం సందు మలుపులో మీ చెప్పుల చప్పుడు వినబడితే ఎసరు పెడతాను. నాకొచ్చిన పద్యం అదొక్కటే.”

 భట్టిప్రోలులో రైలు ఆగినప్పుడు మాస్టారు, వచ్చే శనివారం నాకు తీరికేనా అని అడిగారు.

పళ్ళు విడతలుగా తీశారు. వేలు దక్కలేదు, పాదం దక్కింది. నా దీపం మీద ఇటిక రంగు కాస్తా పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది. ఒక ఉదయం ఎంత కాచినా నీలం నీలంగానే ఉండిపోయింది. ద్రావణం రంగు మారనందుకు కళ్ళు తుడుచుకున్న సైన్సు మాస్టరు ఇంకొకడుంటే నాకు తెలియదు.

చిగుళ్ళు ఆరేదాకా కట్టుడు పళ్ళు పెట్టరు. ఆయన అంతవరకు ఆగలేదు, బోసినోటితోనే క్లాసుకొచ్చారు. నేను పక్కగదిలో పాఠం ఆపి వింటున్నాను. పద్యం మొదలైంది, మధ్యలో గాలి తుస్సుమంది, క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుకు భయపడే ఆయన కాలు వదులుకుంటానన్నారని నాకు తెలుసు. సుద్దముక్క నా చేతిలో విరిగింది. ఆయన నవ్వు తగ్గేదాకా ఆగి, “పళ్ళున్నవాళ్ళు నవ్వుకోండి, తప్పులేదు. రోజూ సరిగ్గా తోముకునేవాళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వండి” అన్నారు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. త పోలేదట, ద కూడా పోలేదట. నాలుక తడుముకుంటూ వెళ్ళి పళ్ళ కుదుళ్ళ దగ్గరే నిలబడిందట. దంతమూలమని పెద్దలు ఎందుకన్నారో ఇప్పటికి తెలిసిందన్నారు. స మాత్రం గాలికి పోయింది, చలిలో చ కూడా. అలాంటి అక్షరం వచ్చినచోట ఆయన చెయ్యెత్తి ఆగేవారు, పిల్లలు అందుకునేవారు. చలి అనే మాటను ఆ ఏడాది మా పిల్లలంత శుద్ధంగా జిల్లాలో ఎవరూ పలికి ఉండరు.

ఇప్పటికీ ఎవరైనా మోకాళ్ళ నొప్పి అన్నా, జ్వరం తగ్గలేదన్నా, నా చూపు ముందు వాళ్ళ నోటి మీదికి పోతుంది. చిగుళ్ళలో రక్తం వస్తోందా అని అడుగుతాను. వాసన వస్తుంటే వస్తోందని మొహానే చెబుతాను. అందుకని నాకు స్నేహితులు తక్కువ. ఉన్న కొద్దిమందికీ పళ్ళు గట్టివి. ఈ అలవాటు నాకు బాపట్లలో పట్టుబడింది.

డెబ్బైలలో, ఆయన రిటైరై బాపట్లలో ఉంటుండగా, పాత విద్యార్థులు సన్మానం చేశారు. వక్తలందరూ ఆయన కంఠాన్ని తేనెతో పోల్చారు. నేను కూడా పోల్చాను, అప్పటికి వేరే ఉపమానం మిగల్లేదు. సభ అయ్యాక ఇద్దరం రిక్షాలో ఇంటికి బయల్దేరాం. సముద్రపు గాలి వీస్తోంది. కట్టుడు పళ్ళు ఆయన సభలకే పెట్టుకునేవారు. అవి తీసి రుమాల్లో చుట్టి, దండ పక్కన ఒళ్ళో పెట్టుకున్నారు.  తర్వాత, కోపమేమీ లేకుండా, మామూలుగా అన్నారు.

“ఇందరు నా గొంతు బాగుందన్నారు గాని, నా నోరు కంపని అప్పట్లో మీలో ఒక్కడూ చెప్పలేదయ్యా. చెప్పుంటే వేలు మిగిలేది.”