మేకలు వదిలేసిన కొమ్మ

పదకొండేళ్లుగా గోడపటం మీద కర్ర పెట్టి గుడ్డు, గొంగళి, గూడు, సీతాకోకచిలుక అని పిల్లలకు చెబుతున్నాను. మొన్న ఏడో తరగతిలో ఒకమ్మాయి, "గూట్లకెళ్లి బయటికొచ్చేది మీరు చూసిన్రా టీచర్?" అని అడిగింది. చూడలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాక పేజీ తిప్పేశాను. ఇంటికొచ్చాక చాలా సిగ్గేసింది. దసరా సెలవులు రాగానే బయల్దేరాను.

సికింద్రాబాద్‌లో పొద్దున ఆరింటికి కరీంనగర్ వైపు బస్సెక్కితే ఏడింటికల్లా శామీర్‌పేటలో దిగాను. నేను చూడాలనుకున్నది డెలియాస్ అనే సీతాకోకచిలుకల ప్రజాతిని. దాని చుట్టాలు అస్సాం నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్నాయట. మన వైపు కనిపించేదానికి రెక్కలు పైన తెలుపు, అడుగున పసుపు, అంచున ఎర్రటి బొట్లు. సీతాకోకచిలుక కదా, పూల దగ్గరే ఉంటుందని బంతితోట గట్టున గంటన్నర కూర్చున్నాను. పటం చూసి పాఠం చెప్పేవాళ్లకే ఇలాంటి తెలివి వస్తుంది. చివరికి వేరే పూలతోట చూద్దామని మేడ్చల్ రోడ్డు మీద ముప్పై రూపాయలకు ఆటో మాట్లాడుకుంటే, దాన్ని నడిపే యాదగిరి నా గోడు విని నవ్వాడు.

"గవి కింద దొర్కయి మేడం. మామిడిచెట్ల మీద ఎగురుతయి. మా పెద్దమ్మ ఒక తోట గుత్తకు పట్టింది. జల్దీ పోదాం పాండ్రి, ఇయ్యాల ఆడ బదనిక కొడుతున్నరు."

బదనిక అంటే మామిడికొమ్మలో వేళ్లు దింపి, చెట్టు రసం తాగి బతికే మొక్క. దాని పండు తిన్న చిన్న పిట్ట జిగురుగింజను ఇంకో కొమ్మకు రుద్దుతుంది, అక్కడ మళ్లీ మొలుస్తుంది. డెలియాస్ గుడ్లు పెట్టేది ఆ ఆకుల మీదే. పూత రాకముందే తోటవాళ్లు దాన్ని నరికేస్తారు. నేను ఇంత దూరం వచ్చింది నరికేసిన కొమ్మలు చూడ్డానికా అనిపించింది.

మేం వెళ్లేసరికి సగం చెట్లు అయిపోయాయి. యాదగిరి పెద్దమ్మ నర్సవ్వ గడకు కట్టిన కొడవలితో కొమ్మలు లాగుతోంది. కింద మేకలు వాటిని నములుతున్నాయి. నేను టీచర్‌నని యాదగిరి ఆమెకు చెప్పాడు.

"కొంచెం ఆగండమ్మా, ఆ ఆకుల మీద గొంగళ్లుంటాయి" అన్నాను.

"బదనిక ఉంటె కాయ యాడికెళ్లి వస్తది టీచరమ్మా? కాయ లేకుంటె మేమేం తినాలె?" అంది. నా ముఖం చూసి గడ దించింది. "పరేషాన్ గాకు. గొంగళ్లున్న కొమ్మ నేను కొట్టనే కొట్ట. మేకలు దానికి మూతి వెట్టయి, గొంగళ్లు సేదు. ఊకె కొట్టుడెందుకు? గవి ఎగిరిపోయినంక ఆఖరికి కొడ్త. గా మూల చెట్టు సూడుపో."

మూల చెట్టుకు అందేంత ఎత్తులోనే బదనిక గుబురు ఉంది. దాని ఆకుల మీద పసుపు గూళ్లు వరసగా అతుక్కుని ఉన్నాయి. తొమ్మిదిన్నరకు ఒక గూడు నెమ్మదిగా చీలింది. పిండిన గుడ్డలా ముడుచుకున్న రెక్కలతో ఒక జీవి బయటికొచ్చి వేలాడింది. చూస్తుండగానే ముడతలు విచ్చుకున్నాయి, పసుపు పరుచుకుంది, ఎర్రబొట్లు ఒక్కొక్కటే తేలాయి. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నర్సవ్వ కూడా గడకు ఆనుకుని చూసింది. "రోజూ ఈడనే ఉంట, గింత సక్కగ ఎన్నడు సూడలే" అంది.

తిరుగు దారిలో మేడ్చల్ బస్సు కోసం నిలబడి అదే తలుచుకున్నాను. నన్ను తింటే చేదు అని పిట్టలకు చెప్పడానికే ఆ రంగులని పుస్తకాల్లో చదివాను. ఆ చేదే మేకను ఆపింది, మేక వల్ల కొడవలి ఆగింది. నేను బతిమాలినందుకు ఆగలేదు. బడి తెరిచిన రోజే ఆ అమ్మాయికి చెప్పాలి, నువ్వడిగినప్పుడు చూడలేదు, ఇప్పుడు చూశానని. మీరూ వెళ్లాలనుకుంటే దసరా రోజుల్లో ఎనిమిదింటికల్లా ఏదైనా మామిడితోటకు చేరండి. కొమ్మ కొట్టొద్దని తోటవాళ్లను బతిమాలకండి. మేకలు ఏ కొమ్మను వదిలేశాయో అడగండి.