చెప్పులతో జట్టు కట్టిన బావ

మా ఎదురు క్వార్టర్ బావ పోయాడు. నేను పొద్దుటి ఏ షిఫ్టు ముగించుకుని ప్లాంటు గేటు బయట స్కూటర్ స్టాండు తీస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఇడ్లీ తిని పడుకున్న మనిషిని అక్క భోజనానికి లేపితే లేవలేదట. అంతే. నేను చాలాసేపు స్కూటర్ పక్కనే నిలబడ్డాను. వెనక వాళ్ళు హారన్లు కొడుతున్నారు.

నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే మా ఇద్దరి మధ్య వచ్చే సీజన్ జట్టు సంగతి ఇంకా తేలలేదు. వాదన మధ్యలో వదిలేసి వెళ్ళే మనిషి కాడు బావ. తుమ్ము వచ్చినా ఆపుకుని మాట పూర్తిచేసే రకం.

ఆయన గురించి మీకు చెప్పాలి. ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్ ఉక్కునగరంలో మా సెక్టార్‌కు ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. ఏటా సెక్టార్ల మధ్య పోటీలు జరుగుతాయి. ఆడేది అంతా ప్లాంటులో పనిచేసేవాళ్ళే. ఆ జట్టుకు నేను కెప్టెన్ని. బావ దానికి అభిమాని. ఆయనకు ఇంకే పదవీ లేదు, అడగనూ లేదు. తగరపువలస దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా కుదిరి, జీవితంలో ఒక్కసారి కూడా బంతిని రింగులో వేయని మనిషి. వేయాలని ప్రయత్నిస్తే బంతి పక్క క్వార్టర్ ములక్కాడల మీద పడింది. అయినా ఏ మ్యాచ్ అయినా, కోర్టు పక్కన సిమెంటు మెట్ల మీద అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు.

ఆయన భార్యను నేను కొత్తలోనే అక్కా అని పిలిచాను. అలా ఆయన నాకు బావ అయ్యాడు. నాకనేమిటి, కోర్టులో అడుగుపెట్టిన ప్రతివాడికీ బావే. రిఫరీని కూడా బావా అనే తిట్టేవాడు.

సీజన్‌లో ఆఖరి మ్యాచ్ అయిన మర్నాటి నుంచి ఆయనకు అసలు పని మొదలయ్యేది. వచ్చే ఏడు ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి. ఇదంతా ఆయన కాగితం మీద వేసేవాడు కాడు. చెప్పులతో వేసేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళు గుమ్మం బయట చెప్పులు విడుస్తారు కదా, వాళ్ళు లోపల టీ తాగుతుండగా ఈయన వాకిట్లో ఆ చెప్పులన్నీ జతలు జతలుగా సర్దేవాడు. జత అంటే ఆటగాడు. "సెప్పు ముక్కు ఎటుంటే ఆడు అటు సూత్తన్నాడన్నమాట" అని ముందే చెప్పేవాడు. వాకిట్లో జామచెట్టు మొదలు మనకు రింగు. గుమ్మం ముందున్న మెట్టు ఆటగాళ్ళు కాని వాళ్ళ చోటు. ఆయన తన హవాయి చెప్పులు ఎప్పుడూ ఆ మెట్టు మీదే విడిచేవాడు.

అక్క నెత్తి కొట్టుకునేది. "ఒచ్చినోల్లు సెప్పులు ఎతుక్కోలేక సస్తన్నారు. ఇల్లనుకున్నావా, మైదానమనుకున్నావా?" ఒకసారి కేబుల్ అతను వైరు సరిచేసి బయటికి వస్తే, అతని తోలు చెప్పులు జామచెట్టు కింద, పొడుగువాడు నిలబడే సెంటర్ చోట ఆడుతున్నాయి. బావ ఇవ్వడు. "రెండు నిమిషాలుండు బావా, నువ్వు ఎల్లిపోతే రింగుకి తగిలొచ్చిన రీబౌండు ఎవుడు తీత్తాడు?" అన్నాడు. ఆ అతను నిజంగానే ఆగాడు. ఆగి, పక్క జత కొంచెం దగ్గరకు జరిపితే బాగుంటుందని సలహా కూడా ఇచ్చాడు. బావ దగ్గర ఎవరైనా అలాగే అయిపోయేవారు.

ఆయన ఆలోచనలన్నీ గొప్పవని నేను అనను. పోయినవాళ్ళ గురించి అలా రాయడం ఆచారమే గానీ, బావకు అబద్ధం చెబితే నచ్చదు. ఒక ఏడు తన ఊరి నుంచి వచ్చి ప్లాంటులో చేరిన కబడ్డీ ఆటగాడిని జట్టులో పెట్టమని ప్రాణం తీశాడు. పెట్టాం. ఆ మహానుభావుడు మొదటి మ్యాచ్‌లోనే ఎదుటి జట్టువాడి నడుం వాటేసుకుని, రిఫరీ విజిల్ ఎంత ఊదినా వదలలేదు. బావ మెట్ల మీద నుంచి లేచి నిలబడి, "పట్టు సూడండర్రా, పట్టు సూడండి!" అని చప్పట్లు కొట్టాడు. ఓడిపోయాం. మళ్ళీ మర్నాడు పొద్దున్నే చెప్పులు సర్దుతూ కనబడ్డాడు.

పోయిన ఏడు ఆయన మాట పొడుగు మీద నిలిచింది. పొడుగాటి వాళ్ళనే ఏరి జట్టు కట్టాలన్నాడు. నాకూ అదే సబబుగా తోచింది. సెక్టార్ అంతా గాలించి పొడుగువాళ్ళను పట్టుకొచ్చాం. వరసగా నిలబడితే చూడముచ్చటగా ఉండేది, ఫోటోలో సగం మంది తలలు రాలేదు. మేమెవ్వరం చూసుకోనిది ఒకటుంది. మా ప్లాంటులో పొద్దున ఏ షిఫ్టు, మధ్యాహ్నం బి షిఫ్టు, రాత్రి సి షిఫ్టు. మనుషులు బ్యాచ్‌లుగా వీటి మీద తిరుగుతుంటారు. మేం ఏరిన పొడుగువాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో బ్యాచ్. సాయంత్రం ప్రాక్టీసు వేళకు ఒకడు డ్యూటీలో ఉంటాడు, ఒకడు రాత్రి డ్యూటీ కోసం నిద్రపోతుంటాడు, ఇంకొకడు అప్పుడే ఇంటికొచ్చి కూరగాయలకు వెళతాడు. సీజన్ మొత్తం మీద జట్టంతా కలిసి బంతి ముట్టుకున్న సాయంత్రం నాకు గుర్తులేదు.

ఆఖరి మ్యాచ్ మాత్రం గెలిచి తీరాలి, లేకపోతే అట్టడుగున మిగులుతాం. ఆ రోజు మా సెంటర్‌కు బి షిఫ్టు పడింది. డ్యూటీ మార్చుకోవడం మాలో మామూలే. ఎవరైనా వచ్చి "బావా, రేపు నా డ్యూటీ నువ్వు సెయ్యి" అంటే ఎందుకని అడగం, సరే అంటాం. అడగడం మర్యాద కాదు. మా సెంటర్ క్యాంటీన్‌లో తన డిపార్ట్‌మెంట్ వాడినే ఒకడిని అడిగాడు. అతను మర్యాదస్తుడు, అలవాటు కొద్దీ సరే అన్నాడు. మ్యాచ్ మొదలయ్యే వేళకు సెంటర్ కోర్టులో ఉన్నాడు. ముందువరస ఆడే ఫార్వర్డ్ లేడు. ఫోన్ చేస్తే, "నాను డ్యూటీలో ఉన్నాను కదేటి, మన సెంటర్‌గాడికే కదా మార్సీసాను" అన్నాడు. మ్యాచ్ ఆడటానికి మ్యాచ్ ఆడేవాడి దగ్గరే డ్యూటీ మార్చుకున్నాడు మావాడు.

నవ్వాలో ఏడవాలో తెలియని ఓటమి అది. మా కంటే భుజం ఎత్తు తక్కువున్న సెక్టార్ వాళ్ళు మా కాళ్ళ సందుల్లోంచి బంతి తీసుకుపోయారు. మర్నాడు సెక్టార్ పెద్దలు కబురు చేశారు. వచ్చే ఏడు కూడా ఆఖరున మిగిలితే ఇక జట్టు ఉండదు, కోర్టులో వల కట్టి క్రికెట్ ప్రాక్టీసుకు ఇచ్చేస్తామన్నారు. నాకు ఆ మాట గుండెలో దిగింది. నా పెళ్ళికి ముందు నుంచీ నా సాయంత్రాలన్నీ ఆ కోర్టులోనే గడిచాయి.

బావ దగ్గరకు వెళితే ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "పొడుగు సూసి మోసపోనాను బావా. జట్టు కట్టింది నానే. తప్పు నాదే" అన్నాడు. ఒక్క సాకు చెప్పలేదు. సెంటర్‌ను గానీ ఫార్వర్డ్‌ను గానీ ఒక్క మాట అనలేదు. అన్నేళ్ళలో ఆయన మీద నాకు ఎక్కువ గౌరవం కలిగిన రోజు అదే.

ఆ తర్వాత ఆయన పద్ధతే మారిపోయింది. ఇంటికి వచ్చినవాడిని ముందు "నీది ఏ బ్యాచ్ బావా?" అని అడిగేవాడు. ఎత్తు అడగడం మానేశాడు. "కలిసి అన్నం తినేవోల్లే కలిసి ఆడగలరు" అనేవాడు. ఒకే బ్యాచ్ వాళ్ళు ముగ్గురు జట్టుకు వెన్నుగా ఉండాలి, రోజూ కలిసే డ్యూటీకి వెళ్ళి కలిసే కోర్టుకు రావాలి. మిగతా వాళ్ళను ఎప్పుడూ పగలే పనిచేసే జనరల్ షిఫ్టు నుంచి తీసుకోవాలి. సెంటర్ పొడుగే గానీ త్వరగా అలిసిపోతాడు కాబట్టి మొదట కూర్చోబెట్టి, ఎదుటివాళ్ళు అలిశాక దించాలి. ఇదీ ఆయన లెక్క.

అన్నిటికంటే ఆయన మురిసిపోయింది ఒక ఫిట్టర్‌ను చూసి. భీమిలి వైపు చేపలవాళ్ళ ఇంటివాడు. తండ్రి ఇప్పటికీ వేటకు వెళతాడు, సెలవు రోజున ఇతనూ వెళతాడు. మా సెక్టార్‌లోనే ఉంటాడు గానీ ఎవరి కంటా పడేంత ఎత్తు లేదు. ఒక ఆదివారం చేపల కోసం అటు వెళ్ళిన బావ, ఒడ్డున నిలబడి అతను వల విసరడం చూశాడు. ఇంటికి వచ్చీ రాగానే నన్ను కేకేసి పిలిచాడు. "సూడకుండా ఇసిరాడు బావా! నాతో మాట్టాడతా మాట్టాడతా ఇసిరాడు. ఎక్కడ పడాలో అక్కడే పడ్డాది. ఆడి సేతికి బంతి ఇచ్చి సూడు." ఆ హడావిడిలో కొన్న చేపలు అక్కడే మరిచిపోయి వచ్చాడని అక్క వారం రోజులు సాధించింది.

బంతి ఇచ్చి చూశాను. ఫిట్టర్ నా వైపు చూస్తూ అవతలి చివర నిలబడ్డవాడి చేతుల్లోకి వేశాడు. మళ్ళీ వేయమన్నాను.

అంతా బాగానే ఉంది. పోయేముందు వారం ఒక సాయంత్రం బావ పూర్తి జట్టు సర్ది నన్ను చూడమన్నాడు. ఆ రోజు ఆటగాళ్ళందరినీ పకోడీలకు పిలిచి లోపల కూర్చోబెట్టాడు. వాకిట్లో చెప్పులు ఎవరి చోట వాళ్ళు నిలబడ్డట్టు ఉన్నాయి. ఫిట్టర్ నీలం పట్టీల చెప్పులు మధ్యలో, ముక్కులు జామచెట్టు వైపు. నా జత కోసం వెతికాను. కుడి పక్క, ఎప్పుడూ నేనుండే మూల, వేరేవాడి చెప్పులున్నాయి. నావి మెట్టు మీద, బావ హవాయి చెప్పుల పక్కన ఉన్నాయి.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"మోకాలు పట్టుకుని మెట్లు దిగతన్నావ్. నాను సూత్తన్నాను."

"మోకాలు నాది, నీకేటి నొప్పి?"

"జట్టు నాది కదా, నాకు నొప్పే" అన్నాడు. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నిన్ను తీసీడం లేదు బావా. నా పక్కన కూకోబెట్టుకుంటన్నాను. ఆల్లకి సెప్పేవోడు కావాలి. నాను అరవగలను గానీ సెప్పలేను."

నేను సరే అనలేదు. కాదు అని కూడా అనలేదు. మెట్టు మీది నా చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేశాను. కోపం వచ్చింది, ఒప్పుకుంటాను. నేను వయసులో ఉన్నప్పుడు కుడి మూల నుంచి నాలా బంతి వేసేవాడు ఈ టౌన్‌షిప్‌లోనే లేడు. ఇప్పటికీ లేడు. కానీ మోకాలి సంగతి మా ఆవిడకు కూడా నేను చెప్పలేదు. అరవడం తప్ప ఏమీ రాదనుకునే మనిషి నా నడక చూసి పట్టుకున్నాడు. రెండ్రోజులాగి వెళ్ళి మాట్లాడదామనుకున్నాను. ఈలోగా ఆ ఫోన్ వచ్చింది.

పెద్దకర్మ రోజున ఆటగాళ్ళందరూ బావ ఇంటికి వచ్చారు. కొందరు అటు నుంచి అటే డ్యూటీకి వెళ్ళాలి. భోజనాలు లోపల జరుగుతున్నాయి. నేను ముందుగా చెయ్యి కడుక్కుని బయటికి వచ్చాను. వాకిట్లో చెప్పులన్నీ ఒక కుప్పగా పడి ఉన్నాయి. ఆ వాకిట్లో చెప్పులు అలా అడ్డదిడ్డంగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. అక్క గుమ్మంలోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఇయి సూసుంటే మీ బావ సెయ్యి ఊరుకునేదేటి తమ్ముడూ?" అంది.

బావ హవాయి చెప్పులు ఇంకా మెట్టు మీదే ఉన్నాయి. వాటిని తీయడానికి ఆమెకు చెయ్యి రాలేదు, ఇంకెవరినీ తీయనివ్వలేదు.

నేను కిందికి దిగి వంగాను. మోకాలు కలుక్కుమంది. ఫిట్టర్ నీలం పట్టీల జత వెతికి మధ్యలో పెట్టాను, ముక్కులు జామచెట్టు వైపు తిప్పి. అతని బ్యాచ్ వాళ్ళ జతలు రెండు అటూ ఇటూ. జనరల్ షిఫ్టు వాళ్ళవి ముందుకు. కుడి మూల దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత అక్కడ ఉండాల్సినవాడి చెప్పులే అక్కడ పెట్టాను. సెంటర్ బూట్లు గోడవారకు జరిపాను, తర్వాత పిలుస్తామన్నట్టు.

వచ్చే సీజన్‌లో మా జట్టు ఆఖరున మిగలదు. ఈ మాట నేను బాధలో రాయడం లేదు, ఆట తెలిసినవాడిగా రాస్తున్నాను. కోర్టులో క్రికెట్ వల కట్టడానికి మేకులు తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే తిరిగి ఇచ్చేసుకోవచ్చు. మావాళ్ళ ప్రాక్టీసు నేను రోజూ చూస్తున్నాను. బంతి చూడకుండా వెళుతోంది, చూడకుండానే అందుతోంది.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక మావాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. చెప్పుల కోసం కిందికి చూసి ఆగిపోయారు. ముందు ఫిట్టర్ వెళ్ళి తన నీలం పట్టీల్లో కాళ్ళు పెట్టి నిలబడ్డాడు. తర్వాత మిగతావాళ్ళు. చెప్పులు వేసుకున్నాక కూడా ఎవరూ కదల్లేదు, పెట్టిన చోట పెట్టినట్టే, జామచెట్టు వైపు చూస్తూ నిలబడిపోయారు.

నేను నా చెప్పులు తెచ్చి మెట్టు మీద బావ చెప్పుల పక్కన విడిచాను. విడిచి, అక్కడే కూర్చున్నాను.