నీలం కారుకు ఎర్ర తలుపు

లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులవి. ఎన్నిస్ అనే ఈ ఐరిష్ ఊళ్లో నేను రోజూ నడిచే వీధిలో ఒక పెద్దాయన నీలం రంగు పాత అమెరికన్ కారు తుడుస్తున్నాడు. దానికి ఒక పక్క తలుపు లేదు. రెండు మీటర్ల దూరం నుంచే, "కమారోనా అండీ?" అని అరిచాను.

"ఫైర్‌బర్డ్! కమారో మా తమ్ముడిది," అంటూ ఎదురింటి ముందున్న ఎర్ర కారు వైపు చూసి మొహం చిట్లించాడు. అన్నదమ్ములకు పన్నెండేళ్లుగా మాటల్లేవట. తలుపు తుప్పు పట్టి ఊడిపోయింది, అమెరికా నుంచి రావాల్సిన కొత్తది కరోనాతో ఆగిపోయిందట.

"పేర్లే వేరు, రెండిటికీ బాడీ ఒకటే కదా! ఆయన తలుపు దీనికి పడుతుంది, అడగండి," అన్నాను, అంతే గట్టిగా.

"తెలుసు," అని మళ్లీ తుడుచుకోసాగాడు.

వారం తర్వాత చూస్తే నీలం కారుకు ఎర్ర తలుపు! ఎదురుగా కమారోకు తలుపు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ పట్టా కట్టి ఉంది.

"మాట్లాడుకున్నారా?"

"లేదు. నీ కేక వాడికి వినపడినట్టుంది. పొద్దున్నే నా గేటు దగ్గర పెట్టిపోయాడు. గ్రాండ్‌గా పట్టింది."

మా ఇళ్లలో రాజీ కుదరాలంటే ఇద్దరు మేనమామలు, ఒక పూట భోజనం కావాలి. ఇక్కడ ఒక్క మాట కూడా అవసరం రాలేదు.

"నీలం రంగు వేయించేస్తారా?" అన్నాను.

"వేయించను. వాడి కిటికీలోంచి కనబడాలిగా!"