రెండున్నరకే అని చెప్పింది నేనే

ఆరేండ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తా ఉండాను. పెద్దది కూడా కాదు. ఫోన్లో చెప్పిన ఒక్క మాట. దాన్ని దించుకునే చోటు యాడుందో ఇన్నేండ్లూ నాకు తెలియలేదు.

మీకు నేనెవరో తెలియదు. తెలిసుంటే చెప్పేవాణ్ణి కాదు. ఇది చదివి నా మీద జాలి పడేటట్టయితే ఇక్కడే ఆపేయండి. నేను ఎవరికి కీడు చేయాలనుకున్నానో ఆ మనిషంటే నాకు ఈ పొద్దుకీ గిట్టదు. అదీ ముందే చెప్పేస్తా ఉండాను. మంచివాడిగా మారిపోయి రాస్తా ఉండానని అనుకోవద్దు.

నాది మణవాళనగర్. కంపెనీ ఉద్యోగం, రోజూ రైలు ప్రయాణం. ఆదివారమైతే తిరుత్తణి దాటి కే.జీ.కండిగైకి పోయేవాణ్ణి. అక్కడ మా మేనమామ మామిడితోటలో డిస్క్ గోల్ఫ్ ఆడేదానికి మేము సొంతంగా చోటు తయారు చేసుకున్నాము. ఈ ఆటలో బంతి ఉండదు. పళ్ళెం మాదిరి ప్లాస్టిక్ డిస్కును విసరాల. గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బాస్కెట్. అందులో పడేదాకా ఎన్నిసార్లు విసిరినామో అది లెక్క. తక్కువ విసిరినోడు గెలిచినట్టు. మా తోటలో పద్దెనిమిది బాస్కెట్లు. ఒక్కోదానికీ పార్ అని ఒక అంకె ఉంటుంది. బాగా ఆడేవాడు తప్పు చేయకుండా ఆడితే ఎన్ని విసుర్లు పడతాయో, అది పార్.

తయారు చేసింది ముగ్గురం. నేను, ధనంజయ, మునిరత్నం పెద్దనాయన. ధనంజయది ఆర్.కె.పేట. నాకు బావ వరస, ఈడు కూడా ఒకటే. పెద్దనాయన సర్వే ఆఫీసులో పని చేసి రిటైరైన మనిషి. చుట్టం కాదు, పిలుపు మాత్రమే. ప్రతి బాస్కెట్ దూరాన్నీ టేపు పట్టి కొలిచి, సొంత చేత్తో బోర్డులు రాసింది ఆయనే. స్కోర్లు కూడితే ఒక్క అంకె తప్పు పోయేది కాదు. ఆ ఒక్కదానికే ఆయన గర్వపడేవాడు.

ఏడో బాస్కెట్ దగ్గర మాకు చెడింది. మామిడిచెట్ల సందులో వంకర తిరిగే దారి అది. నాకు ఎప్పుడూ ఐదు విసుర్లు పడేవి. ధనంజయ నాలుగులో వేసేవాడు, ఒక్కోసారి మూడులో. దాని పార్ ఐదని నేను పట్టుబట్టినాను. పెద్దనాయన టేపు చుట్టుకుంటా, "కొలత ప్రకారం నాలుగే నాయనా," అన్నాడు మెల్లగా. ధనంజయ మెల్లగా అనలేదు. చెన్నై నుంచి వచ్చిన ఆటగాళ్ళు పదిమంది నిలబడి ఉండగా నవ్వినాడు.

"నీ చెయ్యి చాలకపోతే బాస్కెట్‌ని దగ్గరికి జరుపుకో బావా. పార్ ఎందుకు పెంచుతావు?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆ నవ్వు నా మొహం మీద ఎంతసేపుందో నాకే గుర్తు. తోట మా మామది కాబట్టి చివరికి నా మాటే నెగ్గింది. బోర్డు మీద ఐదు పడింది. నాలుగని తెలిసే రాయించినాను. మొదటి తప్పు అదేనా? అంత చిన్నదాన్ని తప్పనొచ్చునా? పోటీలో లెక్కకొచ్చేది మొత్తం విసుర్లే, పార్ ఎంతైనా గెలుపు మారదు. అట్లా సర్దిచెప్పుకున్నాను.

కానీ పార్‌తో పని పడే చోటు ఒకటి ఉండాది. ఆటగాడు ఆలస్యంగా వచ్చి ఏదైనా బాస్కెట్ ఆడకుండా తప్పిపోతే, దాని పార్‌కి నాలుగు కలిపి అతని స్కోరులో వేస్తారు. ఈ నియమం నాకు బాగా తెలుసు. పోటీ నడిపేది నేనే కదా.

ఆ ఏడు మా తోటలో పెట్టిన పోటీలో గెలిచిన ఒక్కరే పెద్ద పోటీకి పోవాల. రెండు రౌండ్లు. పొద్దున రౌండు అయ్యేసరికి ధనంజయ అందరికంటే చాలా ముందున్నాడు. రెండో రౌండులో ఒక్కో గుంపు ఒకదాని వెనక ఒకటిగా మొదటి బాస్కెట్ నుంచి బయలుదేరాల. ముందున్నవాళ్ళ గుంపు ఆఖర్న, రెండున్నరకు. ఇంట్లో బోరు మోటారు చెడిపోయింది, మెకానిక్కు వచ్చి కూర్చోని ఉండాడని ధనంజయ బండేసుకుని ఆర్.కె.పేటకు పోయినాడు.

ధనంజయ అట్లా పోయినాక మబ్బు పట్టింది. వాన వస్తే ఆట ఆగిపోతుందని పద్ధతి మార్చినాను. గుంపులన్నీ ఒకేసారి, ఒక్కోటి ఒక్కో బాస్కెట్ దగ్గర, ఒకటీ ముక్కాలుకే మొదలుపెట్టాల. అన్నం తింటా ఉన్నవాళ్ళకంతా గట్టిగా చెప్పినాను. ధనంజయ గుంపును ఏడో బాస్కెట్ దగ్గర వేసినాను. కావాలనే వేసినానా? తెలియదు. నిజంగా తెలియదు.

పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"బావా, మోటారు పని అయిపోవచ్చింది. మబ్బుగా ఉండాదే, నేరం ఏమన్నా మార్చినారా?"

మా పక్క అరవం కలిసిపోయి టైముని నేరం అనేస్తాము. చేతిలో కొత్త జాబితా పట్టుకునే నిలబడి ఉండాను.

"లేదు బావా. రెండున్నరకే."

"ఖాయమా? ఇప్పుడే బయలుదేరితే ఒకటిన్నరకంతా అక్కడుంటాను."

"నేను చెప్తా ఉండా కదా. శాపాటు చేసుకుని నిదానంగా రా."

అంతే. అబద్ధం కన్నా ఆ ‘నిదానంగా’ అన్న మాటే తర్వాత నన్ను ఎక్కువగా కోసింది. అంత ప్రేమగా ఎట్లా చెప్పగలిగినాను? గొంతు కూడా తడబడలేదు. లోపల ఎంత చల్లగా ఉన్నిందో చెప్పలేను. మళ్ళీ ఫోన్ చేసి సరిచేసేదానికి చాలా టైముంది. చేతిలో ఫోన్ ఉంది. చేయలేదు.

ధనంజయ వచ్చేసరికి అతని గుంపు ఏడు, ఎనిమిది బాస్కెట్లు ముగించి తొమ్మిదో దాని దగ్గరుంది. ఏడుకి ఐదూ నాలుగూ తొమ్మిది. ఎనిమిదికి మూడూ నాలుగూ ఏడు. మిగిలిన పదహారూ అతను ఎట్లా ఆడినాడని! పండ్లు పటపటా కొరుక్కుంటా, ఎవరితోనూ మాట్లాడకుండా. అంత దెబ్బ తిని కూడా చివరికి ఒకే ఒక్క విసురు తేడాతో ఓడిపోయినాడు. ఏడో బోర్డు మీద పెద్దనాయన కొలిచిన నాలుగే ఉండుంటే గెలిచినోడూ ధనంజయా సమానంగా నిలిచేవాళ్ళు.

స్కోర్లు చదివినాక నేరుగా నా దగ్గరికి వచ్చినాడు. "రెండున్నర అంటివి కదరా!" బావ అనే పిలుపు అక్కడితో పోయింది.

అందరూ చూస్తా ఉండారు. నోట్లో నుంచి రెండో అబద్ధం దానంతటదే వచ్చింది. "నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంకా మార్చలేదు. మార్చినాక నీకు చెప్పమని పెద్దనాయనకు చెప్పినాను."

పెద్దనాయన స్కోరు కాగితాలు పట్టుకుని పక్కనే ఉండాడు. నా వైపు తిరిగినాడు. నేను కండ్లు దించుకోలేదు. "చెప్పినా కదా పెద్దనాయనా, మీరు స్కోరు బోర్డు రాస్తా ఉన్నప్పుడు?"

ఆయన చాలాసేపు ఆలోచించినాడు. "చెప్పినావా?" అన్నాడు. చేతిలోని కాగితాల వైపు చూసుకుని, "చెప్పుంటావులే. నేనే మర్చిపోయుంటాను," అన్నాడు.

ధనంజయ ఆయన చేతిలోని కాగితాలు లాగి కింద కొట్టినాడు. మతి లేని ముసిలోనికి ఈ పనులు ఎవరిచ్చినారని అరిచినాడు. ఇంకా ఏమేమో తిట్టినాడు, అవన్నీ రాయను. పెద్దనాయన తప్పయిపోయింది నాయనా, తప్పయిపోయింది అంటా వంగి కాగితాలు ఏరుకున్నాడు. నేను ఏరి ఇవ్వడానికి కూడా వంగలేదు. వంగితే ఎవరైనా నా మొహం చదివేస్తారనిపించింది.

ధనంజయ ఆట మానేసినాడు. నాతో మాట లేదు, నాకూ అక్కర్లేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఇద్దరమూ మొహం తిప్పుకుంటాము. అతను ఓడిపోయినందుకు నేను ఒక్క రోజూ బాధపడలేదు. ఇదీ నిజమే, రాసుకోండి.

నన్ను తినేసింది పెద్దనాయన. ఆ ఆదివారం తర్వాత ఆయన స్కోర్లు రాయడానికి రాలేదు. పిలిస్తే, నా బుర్ర మీద నాకే నమ్మకం లేదు, మీ ఆట చెడగొడతాను అన్నాడు. తర్వాత బండి నడిపేది మానినాడు. తాళం వేసినానా, గ్యాసు కట్టేసినానా అని చీటీలు రాసి జోబులో పెట్టుకునేవాడు. కూతురు హేమావతి తిరువళ్ళూరుకు తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. ఏ జబ్బూ లేదన్నారు. ఆయన నమ్మలేదు. డాక్టరుకేం తెలుసు, ఆ పొద్దు తోటలో జరిగింది నాకు కదా తెలుసు, అనేవాడంట.

ఆ పొద్దు జరిగింది నాకు కదా తెలుసు.

ఎన్నిసార్లు చెప్పబోయినానో! చెప్తే తోటలో మొహం ఎట్లా చూపించాల అని ఒకసారి. ధనంజయ గెలిచినట్టవుతుంది అని ఒకసారి. ఇన్నేండ్లయినాక చెప్పి ఏం లాభం అని ఇంకోసారి. పిరికితనానికి ఎన్ని పేర్లు పెట్టుకున్నాను నేను?

పోయిన నెల తిరుత్తణిలో హేమావతి ఇంటికి పోయినాను. పెద్దనాయన అక్కడే ఉంటాడిప్పుడు, ఒంటరిగా బయటికి పోడు. కాఫీ తాగుతా ఉంటే నా చెయ్యి పట్టుకుని అడిగినాడు. "నాయనా, ఆ పొద్దు నువ్వు చెప్పేటప్పుడు నేను బోర్డుకు ఎదురుగా నిలబడి ఉంటినా, పక్కకు తిరిగి ఉంటినా? ఎంత తలచుకున్నా ఆ ఒక్కటే కండ్ల ముందుకు రాదు."

ఆరేండ్లుగా ఆయన, జరగనే జరగనిదాన్ని వెతుక్కుంటా ఉండాడు.

చెప్పేసినాను. నేను మీకు చెప్పనే లేదు పెద్దనాయనా, ధనంజయకు ఫోన్లో అబద్ధం చెప్పింది నేను, మీ మీద నెట్టింది నేను అని. మొత్తం చెప్పినాను, ఏడో బాస్కెట్ పార్‌తో సహా. ఆయన నవ్వినాడు. నా చేతి మీద తట్టినాడు.

"నన్ను ఓదార్చాలని చెప్తా ఉండావు. నీ మనసు మంచిది నాయనా."

కాదు పెద్దనాయనా, కాదు. ఎన్నిసార్లు చెప్పినా అదే నవ్వు. నేను తీసుకున్నది తిరిగి ఇద్దామంటే ఆయన చెయ్యి చాపడం లేదు.

హేమావతి వంటింటి వాకిట్లో నిలబడి అంతా విన్నింది. నన్ను వీధి దాకా సాగనంపింది. చెప్పులు వేసుకుంటా ఉంటే, "నిజమే కదా అన్నా?" అనింది. నిజమే అన్నాను.

ఆమె అరవలేదు. "ఇంక ఈ ఇంటికి రావద్దు," అని తలుపు వేసుకుంది.

ధనంజయకు ఆమె చెప్పుంటుంది. చెప్పుకోనీ. నేను మాత్రం అతని దగ్గరికి పోను. మూసిన తలుపు ముందు ఎంతసేపు నిలబడినానో తెలియదు. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. కానీ ఆరేండ్లలో మొదటిసారి ఒక మనిషి నన్ను ఉన్నది ఉన్నట్టు చూసింది, చూసి అసహ్యించుకుంది. ఆ పొద్దు రైల్లో కూర్చుని నేను గుండె నిండా గాలి పీల్చుకున్నాను.