బాపు కట్టిన గాలం ముడి

నా చిన్నప్పుడు మేము సముద్రం పక్కన బతికామంటే మా పిల్లలు కూడా సగమే నమ్ముతారు. మాది కరీంనగర్ వైపు మెట్ట ఊరు. అలాంటి ఊరివాళ్లం ఫుజైరాలో కొన్నేళ్లు ఉన్నాం. అక్కడ పోర్టు కడుతున్న రోజులవి. మా ఊళ్లోవాళ్ల దృష్టిలో అది కూడా దుబాయే.

మా బాపు ఫుజైరా ఊరి వెనక కొండల్లోని క్వారీలో మెకానిక్. రాళ్లను నలగ్గొట్టే క్రషర్ యంత్రాలు ఆయన చేతిమీదే నడిచేవి. పోర్టు చుట్టూ అలలను ఆపడానికి సముద్రంలో గోడలా పోస్తున్న బండరాళ్లు కూడా ఆ క్వారీ నుంచే లారీల్లో వచ్చేవి. అప్పట్లో కూలిపనికి వచ్చినవాళ్లెవరికీ పెళ్లాంపిల్లల్ని తెచ్చుకునే వీలుండేది కాదు. బాపు పని తెలిసినవాడు, వీసాకు పూచీ ఉండే అరబ్బు యజమాని, కఫీల్, కాస్త మంచివాడు. అందుకని అమ్మకూ నాకూ వీసా దొరికింది. రేకుల కప్పున్న రెండు గదుల ఇల్లు, ముందు ఇసుక, కాస్త నడిస్తే సముద్రం. నాకు పదేళ్లో పదకొండేళ్లో ఉంటాయి.

ఒక చలికాలం క్వారీలో బెల్టు కింద ఇరుక్కున్న రాయిని బాపు తీస్తుండగా, ఆయన అక్కడున్నట్టు తెలియక ఎవరో యంత్రం నడిపించారు. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక క్వారీ మేనేజరు, అందరూ ముదీర్ అనే ఆయన, ఒకసారి వచ్చి మంచం దగ్గర నిలబడి, గాయం మానేదాకా ఉండు, ఆ తర్వాత చూద్దాం అని హిందీలో చెప్పి వెళ్లాడు. ఆ 'చూద్దాం' అన్న మాట మా ఇంట్లో ఒక మనిషిలాగా కూర్చుంది. వండుతున్నా, తింటున్నా, పడుకున్నా అదే. ఉంచుతారా, పంపేస్తారా? పంపితే ఊళ్లో ఏం చేసి బతుకుతాం? అడగడానికి మనిషి లేడు, అడిగినా చెప్పేవాడు లేడు.

శుక్రవారాల్లో కూలీల క్యాంపు నుంచి మనవాళ్లు వచ్చేవారు. కాసేపు కూర్చునేవారు. బాపు చేతికి చుట్టిన కట్టు వైపు చూడకూడదని గోడవైపు చూసేవారు. టీ తాగి, దేవుడున్నాడన్నా అని లేచి వెళ్లిపోయేవారు. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

అమ్మా నేనూ మాత్రం చేతనైనదంతా చేశాం. అమ్మ అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టేది. చొక్కా తొడిగేది, గుండీలు పెట్టేది, తల దువ్వేది. నేను చెప్పుల పట్టీలు బిగించేదాన్ని, బీడీ వెలిగించి ఇచ్చేదాన్ని. ఆయన ఎడమచేయి నిక్షేపంలా ఉందన్న సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. బాపు దేనికీ వద్దనలేదు. నోరు తెరవమంటే తెరిచేవాడు, చేయి చాపమంటే చాపేవాడు. మాట్లాడటం తగ్గిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి విప్పి బిగించే మనిషి, పొద్దస్తమానం కిటికీలోంచి ఇసుకను చూస్తూ కూర్చునేవాడు. ఆయన అలా కూర్చుంటే నాకు భయమేసేది. ఇంకా ఏదైనా చేయాలనిపించేది. ఏం చేయాలో తెలిసేది కాదు.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉండేది. రాజోలు వైపు మనిషి. అందరూ రాజోలు పెద్దమ్మ అనేవారు. పోర్టు పనికి వచ్చిన ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో వంటా వార్పూ చూసేది. భర్త లేడు. ఆరేళ్ల కొడుకును తల్లి దగ్గర వదిలి వచ్చింది. నీళ్ల దగ్గర ఆవిడను చూస్తే గోదావరిలో పడవమీదే పుట్టి పెరిగిందనిపించేది. సెలవు దొరికితే ఖాళీ పాలపొడి డబ్బాకు చుట్టిన నైలాను దారం పట్టుకుని చేపలకోసం పోర్టు గోడ రాళ్లమీదికి వెళ్లిపోయేది.

ఆ ఇంజనీరుకు వేరే దేశం బదిలీ అయింది. పోతూ పోతూ తన గాలం సామాను పెద్దమ్మకు ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని నేరుగా మా ఇంటికి తెచ్చి బాపు మంచం మీద పెట్టింది.

ఆకుపచ్చ రంగు రేకు పెట్టె. మూత ఎత్తితే లోపలి అరలు మెట్లలాగా పైకి లేచేవి. వాళ్ల దేశంలో చెరువుల్లో బాస్ అనే చేప ఉంటుందట, దానికోసం చేయించిన ఎరలట అవన్నీ. చెక్కతో చేసిన చేపపిల్లలు, వీపు పచ్చగా, కడుపు తెల్లగా, గాజు కళ్లతో. ఒక్కోదాని కింద మూడు కొక్కేల గాలాలు రెండేసి. ఊదారంగు రబ్బరు వానపాములు. కాళ్లున్న రబ్బరు కప్ప. తిరిగే రేకు చెంచాలు. పెట్టెతోపాటు రెండు ముక్కలుగా ఊడే గాలపు కర్ర, దానికి బిగించే రీలు.

బాపు చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు. "గిదేందక్కా, గీ రబ్బరు కప్పను జూసి చేప మోసపోతదా?"

"ఏమో తమ్ముడూ, ఆ దొరకు మాత్రం ఒక్కటీ పడగా నేను చూళ్లేదు. నాకైతే చేతిదారమే మేలు. చేప ముట్టిందో లేదో వేలికి తెలుస్తాది. ఈ కర్రా చక్రం మనకెందుకు? నీకేమన్నా పనికొస్తాయేమోనని తెచ్చాను."

వేలికి తెలుస్తుంది అన్న తర్వాత ఆవిడ నాలుక కరుచుకుంది. బాపు మాత్రం వినిపించుకోలేదు. ఎడమచేత్తో రీలు పిడి తిప్పుతున్నాడు. లోపల గరగర చప్పుడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తిప్పాడు. "ఇసుక పడ్డది లోపట," అన్నాడు. ఆ సాయంత్రం దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, తిరిగి బిగించాడు. మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఒంటిచేత్తో. అమ్మ రెండుసార్లు సాయానికి పోబోయింది. ఆయన తల ఎత్తలేదు. ఒక చిన్న మరమేకు మంచం కిందికి దొర్లితే నేను గబుక్కున తీసి పెట్టేశాను. ఆయన ముఖం మళ్లీ కిటికీ దగ్గర కూర్చున్నప్పటి ముఖంలా మారడం చూశాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మ బాపునూ నన్నూ రాళ్లమీదికి తీసుకెళ్లింది. గాలి చల్లగా ఉంది. నీళ్లు లోతుగా, నీలంగా ఉన్నాయి. బాపు ఒక బండమీద కూర్చుని కాసేపు దాన్ని నిమిరాడు. మా క్వారీదే అన్నాడు. కర్ర అడుగుభాగం కుడి చంకలో ఇరికించి, ఎడమచేత్తో రీలు తిప్పి చూశాడు. సరిగ్గా అమరింది. పెద్దమ్మ మెచ్చిన చేతిదారానికి రెండు చేతులు కావాలి. ఆవిడకు పనికిరాదనుకున్న కర్ర మా బాపుకు పనికొచ్చింది.

ఇక మిగిలింది ముడి. చెక్కచేప ముక్కుకున్న చిన్న రింగులోంచి దారం దూర్చాలి, దాన్ని తనచుట్టూ తాను మెలేయాలి, కొసను తిరిగి మొదటి సందులోకి దూర్చాలి, ఉమ్మితో తడిపి బిగించాలి. పెద్దమ్మ ఒకసారి కట్టి చూపించి విప్పేసింది. నేను చూసినవెంటనే కట్టేశాను. బాపు నా చేతిలోంచి దాన్ని తీసుకుని, నోటితో కొరికి ముడి తెంపాడు.

"నేను కట్టుకుంట," అన్నాడు.

చెక్కచేపను మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. దారం కంటికి ఆననంత సన్నం. గాలికి ఊగుతోంది. రింగు దగ్గరికి తెచ్చేసరికి పక్కకు పోతుంది. దూరింది అనుకునేలోపు జారిపోతుంది. కొసను పళ్లతో పట్టుకుని మెలేస్తుంటే మెలికలన్నీ విడిపోయేవి. కుడిచేతి బొటనవేలితో నొక్కిపెట్టబోయాడు. ఇంకా పచ్చిగా ఉన్న గాయం రాసుకుని మొహం ముడుచుకున్నాడు. మళ్లీ మొదటినుంచి. ఒకసారి పళ్లతో దారం లాగుతుంటే చెక్కచేప మోకాళ్ల మధ్యనుంచి ఎగిరొచ్చి, గాలం పెదవికి గుచ్చుకుంది. రక్తం గడ్డం మీదికి కారింది. తుడుచుకోలేదు.

నావల్ల కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగి ఏమీ కనిపించడం లేదు. "బాపూ, నేను కడత," అంటూ లేచాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేలా. అలాగే నన్ను రెండు బండల అవతలికి లాక్కెళ్లి కూర్చోబెట్టింది.

"వదులు పెద్దమ్మా, రక్తం వస్తోంది."

"వస్తే రానీ. నిన్ను పిలిచాడా?"

"లేదు."

"మరి ఎందుకే అలా ఇదైపోతావు? కూర్చో."

"ఆయనకు రావట్లేదు. నాకు వచ్చు కదా. చూడలేకపోతున్నా."

ఆవిడ నా మణికట్టు వదల్లేదు. నీళ్లవైపు చూస్తూ అంది. "మొన్న మావాడికి జొరమని ఊరినుంచి వచ్చినోళ్లు చెప్పారు. ఎప్పుడొచ్చిందో, తగ్గిందో లేదో, వాళ్లు బయల్దేరాక ఏమైందో నాకు తెల్దు. పరిగెడదామంటే మధ్యన ఇంత సముద్రం. పాస్‌పోర్టు చూస్తే కంపెనీవోళ్ల దగ్గర. వాడి నుదురు మీద చెయ్యేసేది లేదు, పక్కన కూకునేది లేదు. కళ్లతో చూసేది కూడా లేదు. నువ్వు చూడగలుగుతున్నావు కదే పిల్లా. చూడు. నీ చేతులు అటెళ్లకుండా చూడు. లేచి పారిపోకుండా కూడా చూడు."

ఆ మాటలు నాకు పూర్తిగా అర్థమయ్యాయని చెప్పను. ఆవిడ గొంతు మాత్రం నన్ను కదలనివ్వలేదు. కూర్చున్నాను. బాపు తడబడుతున్న ప్రతిసారీ నా వేళ్లు వాటంతట అవే కదిలేవి. అప్పటిదాకా అంత కష్టమైన పని నేను చేయలేదు. అంతసేపూ పెద్దమ్మ తన డబ్బా దారం విప్పనే లేదు. ఆవిడా చూస్తూనే కూర్చుంది.

నీడలు సాగుతున్న వేళకు బాపు తల వెనక్కి వాల్చి, పళ్లతో దారాన్ని లాగి బిగించాడు. ముడి బిగిసింది. మావైపు చూడలేదు. లేచి నిలబడి, ఎడమచేత్తో కర్రను ఊపి విసిరాడు. మొదటిసారి చెక్కచేప దగ్గర్లోనే పడింది. ఆ తర్వాత కొంచెం దూరం. చంకలో కర్ర ఇరికించుకుని రీలు తిప్పుతుంటే నీళ్లలో ఆ బొమ్మ నిజం చేపపిల్లలా అటూ ఇటూ ఊగుతూ వచ్చేది.

అలా విసురుతూ ఉండగా, ఉన్నట్టుండి కర్ర వంగిపోయింది. రీలు అరిచింది. దూరంగా నీళ్లమీద వెండిలా ఏదో మెరిసింది. "వంజరం! లాగకు తమ్ముడూ, పోనీ, పోనీ!" అని పెద్దమ్మ కేకపెట్టింది. బాపు రెండు కాళ్లూ బండకు తన్నిపెట్టి, ఒళ్లంతా వంచి నిలబడ్డాడు. పట్టుమని పదిసార్లు కూడా రీలు తిప్పాడో లేదో, కర్ర చటుక్కున నిటారుగా లేచింది. దారం గాలిలో తేలింది.

పోయింది. చేప పోయింది, చెక్కచేప పోయింది, అంతసేపు కట్టిన ముడి కూడా దాంతోపాటే పోయింది.

బాపు అలాగే నిలబడ్డాడు. ఆయన భుజాలు కిందికి జారడం వెనకనుంచి నాకు కనిపించింది. "నా ముడి జారింది," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

పెద్దమ్మ బండలు దాటి వెళ్లి, దారమంతా చేత్తో లాగి, కొసను పట్టుకుంది. వెలుతురుకు ఎత్తి చూసింది. దాన్ని ఆయన కళ్ల ముందు పెట్టింది.

"ఇదిగో చూడు. ముడి జారితే కొస పందితోకలాగా మెలికలు తిరిగి వస్తాది. ఇది చూడు, కత్తెరేసినట్టు లేదూ? పళ్లతో కొరికేసింది. వంజరం పళ్లకి ఈ చెరువు దారం ఏం ఆగుతాది? నీ ముడి దాని నోట్లోనే ఉంది ఇంకా."

బాపు ఆ కొసను ఎడమ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలితో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత వచ్చి బండమీద కూర్చుని పెట్టె తెరిచాడు. ఇంకో చెక్కచేపను ఎంచుకుని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. పొద్దు వాలుతోంది. దారం కనిపించడం లేదు. నేను నా చోటునుంచి కదల్లేదు. ఒకసారి తప్పింది. రెండోసారి తప్పింది.

"బిడ్డా," అన్నాడు తల ఎత్తకుండా, "ఇటు రా. గీ కొస జర పట్టు."

వెళ్లి పట్టుకున్నాను. కొస మాత్రమే. ముడి ఆయనే కట్టాడు.

ఆ రోజు మాకు ఒక్క చేప కూడా పడలేదు. ఇంటికెళ్లాక బాపు పెదవి మీద గాయం చూసి అమ్మ ఏడ్చింది. అన్నం కలపబోతే బాపు కంచం తనవైపు లాక్కుని, ఎడమచేత్తో మెతుకులు రాలుస్తూ తిన్నాడు. వేసవి మొదలవుతుండగా ముదీర్ కబురు పెట్టాడు. ఖలాస్, వీసా రద్దు, ఇక వెళ్లొచ్చు అని. ఎవరూ ఏమీ చేయలేకపోయారు. మేము ఊరికి వచ్చేశాం. బాపు మోటార్లు బాగుచేసే ఒకాయన దగ్గర చేరి, ఒంటిచేత్తోనే చివరిదాకా పనిచేశాడు. రాజోలు పెద్దమ్మ కొడుకుకు జ్వరం తగ్గిందన్న కబురు మాత్రం మేము బయల్దేరకముందే వచ్చింది. ఆవిడ బస్సు దాకా వచ్చి, ఆ మాట నవ్వుతూ చెప్పింది. తర్వాత ఆవిడ ఏమైందో మాకు తెలియలేదు.

ఇప్పుడు మావారికి చేతులు వణుకుతున్నాయి. తగ్గే జబ్బు కాదని డాక్టర్లు చెప్పేశారు. పొద్దున్నే చొక్కా తొడుక్కుని గుండీల దగ్గర ఆగిపోతారు. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుంటాను. వంటింట్లోకి వెళ్లిపోను, ముందుకు చేయి చాపను. చూడటం ఇప్పటికీ అంతే కష్టం, వయసుతో ఏమీ తేలిక కాలేదు. కొన్ని రోజులు ఆయనే ఇటు రమ్మంటారు, వెళ్లి పెడతాను. కొన్ని రోజులు పిలవరు. అలాంటి రోజు ఒక గుండీ తప్పు కాజాలో పడుతుంది, చొక్కా ఒకవైపు పొడుగ్గా వేలాడుతుంది. ఇద్దరం అలాగే బజారుకు వెళ్లొస్తాం.