లక్క ముద్ర

మొన్న మారతహళ్ళిలో మా కింది ఫ్లాటు తాళం పగలగొట్టిన ఇనప కడ్డీ దొరికిందని పోలీసులు వచ్చి, దాన్ని గుడ్డలో చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోశారు. మెట్ల మీదికి వచ్చిన ఆ కమురు వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి.

అది మా నాయన అంగడి వాసన. పాత పేటలో, ఠాణాకు ఎదురుగా ఉండేది మా పట్టుచీరల అంగడి. పొద్దున్నే వేసే సాంబ్రాణి, కొత్త చీరల గంజి, పక్క వీధి మగ్గాల చప్పుడు, వేసవిలో ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు, వానాకాలంలో గోనెసంచుల ముక్కిపోయిన వాసన, వీటన్నిటి మీదా పైఊళ్ళకు పంపే పార్సిళ్ళపై కరిగే ఎర్ర లక్క. కొవ్వొత్తి పట్టుకోవడం నా పని, మా అంగడి ముద్ర ఒత్తడం నాయన పని. ఉగాదికి పక్కింటి రత్నమ్మవ్వ నెయ్యి కారే ఓళిగలు, అవే బొబ్బట్లు, తెచ్చి, మొదటి ముక్క నా నోట్లోనే పెట్టేది.

నాయనకు ఎవరికీ లేదనడం చేతకాదు. ఫలానా వస్తువు ఫలానా చోట సాక్షుల కళ్ళముందే దొరికిందని రాసే కాగితాన్ని మహజరు అంటారు. దాని మీద సాక్షి సంతకాలకు పోలీసులు ఎదురంగళ్ళకే వచ్చేవాళ్ళు. చూడకుండానే సంతకం పెట్టడం పేటలో మర్యాద కింద లెక్క.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు రత్నమ్మవ్వ ఒక్కగానొక్క కొడుకును ఎవరో నరికి చంపారు. వారం తిరక్కుండా ఒకణ్ణి పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం నాయనా నేనూ అంగడిలో చిత్రాన్నం తింటుంటే పోలీసాయన కాగితంలో చుట్టిన కొడవలి తెచ్చాడు.

“సెట్టీ, వాడు సూపిచ్చిన పొదలోనే సిక్కిందప్పా. ఒక సంతకం పెట్టు. మీ లక్క ఇంత ఇయ్యి, మాది అయిపోయిండాది.”

నాయన చెయ్యి కడుక్కొచ్చి సంతకం పెట్టాడు. నేను కొవ్వొత్తి పట్టుకున్నాను. అలవాటు కొద్దీ మా ముద్రే ఒత్తాడు.

మూడేళ్ళకు కోర్టులో, ముద్దాయి తరఫు వకీలు ఆ మూట పైకెత్తి ముద్ర ఎవరిదని అడిగాడు. మాదేనన్నాడు నాయన. కొడవలి పొదలోంచి తీస్తుంటే చూశావా అని అడిగాడు. నాయన చేతులు జోడించాడు.

“లేదు స్వామీ. అంగడి ఇడిసి పోలేదు.”

జడ్జిగారు ఆ కొడవలిని సాక్ష్యంగా తీసుకోలేదు. అది పోతే కేసులో ఇంకేమీ లేదు. అతణ్ణి వదిలేశారు. చంపింది అతనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

కోర్టు మెట్ల మీద నాయన రత్నమ్మవ్వతో అన్నాడు, “సూడంది సూసినా అని ఎట్ల చెప్పేదమ్మా?”

రత్నమ్మవ్వ కోప్పడలేదు. “ఆ మాట ఆ పొద్దే చెప్పుంటే, సూసినోణ్ణి పిల్చుకొచ్చేవాళ్ళు కదప్పా.”

ఆ తర్వాత ఉగాదికి ఓళిగలు రాలేదు. మా ఇంట్లోనూ చేయలేదు. ఎవరూ ఏడవలేదు, నాకూ ఏడుపు రాలేదు. అన్నం తిన్నాం, బడికి వెళ్ళాను. ఇప్పుడు నాయన లేడు, రత్నమ్మవ్వ లేదు, మగ్గాలు లేవు. అంగడిలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

మొన్న పోలీసాయన నా ముందు కాగితం పెట్టాడు. “వీడియో కూడా తీసినాం మేడమ్, ఊరికే ఒక సైన్.”

“దొరికినప్పుడు నేను లేనండి. చూసినవాళ్ళని అడగండి,” అన్నాను.

కింది ఫ్లాటావిడ మొహం తిప్పుకుంది. ఆయన విసుక్కుంటూ, కడ్డీ తీస్తుంటే పక్కనే ఉన్న వాచ్‌మన్‌ను పిలవడానికి గేటు దగ్గరికి వెళ్ళాడు.

అతను వచ్చి సంతకం పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది, అంతే.