పెద్దమ్మ దిగని డ్యూటీ

పోయిన మంగళవారం ఆఫీసులో టీ కలుపుకుంటుండగా ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. ఇక్కడ సౌదీలో, ఖోబర్‌లో మా ఎదురు ఫ్లాట్ అన్న చేశాడు. వాళ్ళమ్మకు బాగాలేదని సెలవు పెట్టి ఊరికి వెళ్ళి ఉన్నాడు. "అమ్మ పోయింది పాపా. నిద్రలోనే," అన్నాడు. ఆ వెంటే అడిగాడు: "తాళంచెవి భద్రంగా ఉందా?" ఉందన్నాను. "సరే, ఉండనీ," అని పెట్టేశాడు.

తల్లి పోయిన పూట కొడుక్కి తాళంచెవి ఎందుకు గుర్తొచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. రెండు ఇళ్ళవాళ్ళమూ కడప జిల్లావాళ్ళం కాబట్టి పెద్దమ్మ అయింది. వయసులో ఈ దేశంలోనే నర్సుగా చేసి, గల్ఫ్ యుద్ధం అయ్యాక ఊరికి వెళ్ళిపోయి, ఇన్నేళ్ళకు విజిట్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చింది. కోడలికి నెలలు నిండుతున్నాయి. పురుడు దగ్గరుండి చూసుకోవాలని ఆవిడ పట్టు.

ఆసుపత్రి మానేసినా ఆవిడ చేతులు మాత్రం మానలేదు. ఫ్రిజ్‌లో పప్పు డబ్బా మీద కూడా తెల్ల టేపు అంటించి తేదీ రాసేది. ఎవరి చేతికి ఏమిచ్చినా నోటితో చెప్పి ఇచ్చేది. ఎదుటివాళ్ళు బదులు చెప్పేదాకా వదిలేది కాదు. మొదటిసారి మా గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడినప్పుడు, దాన్ని చెరో పక్కా పట్టుకుని ఇద్దరం లాగులాడుకున్నంత పనైంది.

"గోంగూర. ఇస్తాండా."

"థాంక్స్ పెద్దమ్మా."

"థాంక్స్ ఎవరికి గావల్ల? తీసుకున్నా అని చెప్పు."

"తీసుకున్నా."

"ఇంక పగిలితే నీ పూచీ," అని అప్పుడు వదిలింది.

వార్డులో డ్యూటీ మారేటప్పుడు అలాగే అప్పగిస్తారట. రోగులను, మందులను, తాళాలను. అవతలి నర్సు తీసుకున్నానని చెప్పందే ఇవతలి నర్సు గడప దాటకూడదు.

శుక్రవారం వస్తే మాల్‌కు పోవడం నాకు విసుగు. సముద్రం ఒడ్డున కార్నిష్‌లో నడవడం అంతకన్నా విసుగు. లైసెన్సు కొత్తగా చేతికొచ్చింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేలా, యుద్ధం జరిగిన చోట్లు ఏమున్నాయా అని వాళ్ళ వంటింట్లో కూర్చుని ఫోన్‌లో వెతుకుతున్నాను. కువైట్ సరిహద్దు దగ్గరి ఖఫ్జీ ఊరు వచ్చింది. అందులో ఒక నీళ్ళ ట్యాంకు ఫోటో చూసి పెద్దమ్మ ఉల్లిపాయ తరగడం ఆపేసింది.

"దీని ఎనక సందులోనే మా క్లినిక్కు."

ఫిరంగులు పేలిన రోజు పొద్దున డ్యూటీలో ఉన్నది ఆవిడే. చమురు ట్యాంకు అంటుకుని ఊరంతా నల్లటి పొగ. రోగులను పంపేశారు. సిబ్బందిని ఎక్కించుకోవడానికి బస్సు వచ్చింది. పెద్దమ్మ మత్తుమందుల బీరువాకు తాళం వేసి, తర్వాతి డ్యూటీ నర్సు వచ్చి తీసుకుంటుందని నిలబడింది. ఆ నర్సు అప్పటికే బస్సులో ఉంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. చివరికి డాక్టరు లోపలికొచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. కొన్నాళ్ళకు ఇరాక్ సేన ఆ ఊళ్ళోకి దిగింది, పోరు జరిగింది, అయిపోయింది. ఆవిడ మళ్ళీ అటు పోలేదు.

చెప్పడం అయ్యాక కొంగు ముడి విప్పి చూపించింది. చిన్న ఇనుప తాళంచెవి, అరిగి నున్నగా ఉంది.

"బస్సులోనే ఆ నర్సుకు ఇచ్చేసి ఉండొచ్చు కదా పెద్దమ్మా?"

"బస్సులో ఎట్లిస్తారు? చోటు చూపించి ఇయ్యల్ల." మళ్ళీ ముడి వేసుకుంది. "నాకింకా డ్యూటీ దిగలేదు పాపా."

నవ్వబోయి ఆగాను. ఆవిడ హాస్యానికి అనలేదు.

అప్పట్నుంచి ఆ ప్రయాణం నాది కాకుండా పోయింది. టైర్లలో గాలి చూపించినావా, స్పేరు ఉందా, దారిలో ఆడవాళ్ళకు బాత్రూములు ఏ పెట్రోలు బంకులో బాగుంటాయి, అని ఎదురుపడ్డప్పుడల్లా అడిగేది. అన్న ససేమిరా అన్నాడు. ఆవిడ గుండెలో స్టెంట్లున్నాయి.

"ఆడ ఏముందిమా? ఆ క్లినిక్కు ఎప్పుడో పడగొట్టి ఉంటారు."

"ఆ క్లినిక్కే ఉండల్లనా? అది లేకపోతే ఇంగోటి ఉంటాది. దాంట్లో డ్యూటీలో ఒక నర్సు ఉంటాది. ఆ పిల్లకిస్తా."

"పిచ్చిదనుకుంటాది."

"నర్సు అయితే అనుకోదు."

చివరికి అన్న ఒప్పుకున్నాడు. ఒక్కటే అడ్డు మిగిలింది. విజిట్ వీసా మీద ఉన్నవాళ్ళు గడువు ముగిసేలోగా దేశం దాటి మళ్ళీ రావాలి. మా వైపు వాళ్ళంతా వంతెన మీద బహ్రెయిన్‌లోకి పోయి, అట్నుంచి అటే వెనక్కి తిరుగుతారు. అన్న లెక్క ప్రకారం పెద్దమ్మ గడువు ఆదివారం. శనివారం వంతెన దాటిస్తాననీ, శుక్రవారం మమ్మల్ని ఖఫ్జీ పోయి రమ్మనీ, తన కారే ఇచ్చాడు.

తెల్లవారగానే బయల్దేరాం. చిత్రాన్నం డబ్బాకు కూడా టేపు, తేదీ. జుబైల్ పట్నం దాటాక దారికి రెండు వైపులా ఉప్పు నేల, కరెంటు స్తంభాలు తప్ప ఏమీ లేవు. పెద్దమ్మ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, గుప్పిట కొంగు ముడి మీద ఉంది.

"కొంచేపు పడుకో పెద్దమ్మా."

"నడిచే బండిలో నేను కన్ను మూయను. అందులో నీ తోలుడొకటి. స్ట్రెచర్ తోసినట్టు తోలతాండావు."

వంద కిలోమీటర్లు పోయాక పడమట ఎడారి వైపు ఆకాశం పసుపు రంగుకు తిరిగింది. దుమ్ము లేస్తోంది. లారీలు లైట్లు వేసుకుని ఎదురొస్తున్నాయి. నేను వేగం తగ్గించాను.

ఖఫ్జీ పొలిమేరలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. అద్దం తుడిచి చూస్తే, దుమ్ములో మసకగా, ఇళ్ళ పైన నీళ్ళ ట్యాంకు. "అదే," అంది పెద్దమ్మ. అప్పుడే ఫోన్ మోగింది. అన్న.

"పాపా, మోసపోయినాం. నేను మూడు నెలలని లెక్కేసినా. వాళ్ళది తొంభై రోజులంట, నెలలు కాదు. గడువు ఈ రోజుతోనే అయిపోతాది. దుమ్ముకు బ్రిడ్జి మూసేస్తారేమో అంటాండారు, ఇప్పటికే బండ్లు ఆగిపోయినాయి. ఉన్నపళంగా తిప్పు."

"ఊరి ముందరే ఉన్నామన్నా. క్లినిక్కు వెతుక్కుని ఇచ్చి వస్తాం, ఎంతసేపు..."

"గడువు దాటితే అమ్మను మళ్ళీ రానియ్యరు. పురుటికి ఉండదు. అర్థమైతాందా?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పెద్దమ్మ అంతా వింది. నేను ఆవిడ మొహం చూడలేక ట్యాంకు వైపు చూశాను.

"పది నిమిషాలు పెద్దమ్మా. నేను తొందరగా తోలుతా."

"వద్దు."

"ఇంత దూరం వచ్చి..."

"గమ్మునుండు. ఈడ బీరువా. ఆడ పుట్టబోయే బిడ్డ. ఏది ముందు?" అని తలుపు తీసుకుని కిందికి దిగింది. గాలికి చీర కొంగు ఎగురుతుంటే కష్టపడి ముడి విప్పింది. నన్నూ దిగమంది. ట్యాంకు వైపు చెయ్యి చాపింది.

"దాని ఎనక సందు. లోపలికి పోతానే ఎడం పక్క గది. కిటికీ కింద బీరువా. తాళం ఏసినాను. అన్నీ సరిగ్గా ఉండాయి." తాళంచెవి నా అరచేతిలో పెట్టింది కానీ వదల్లేదు. "ఇస్తాండా."

తాళంచెవి మీద వేళ్ళు ముడిచాను. "తీసుకున్నా పెద్దమ్మా."

వదిలింది.

తిరుగు దారిలో ఎంత వేగంగా తోలానో ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది. దుమ్ములో ముందు బండి ఎర్ర లైట్లే దారి. పక్కకు చూడటానికి కూడా తెగించలేదు. జుబైల్ దగ్గర్లో ఏదో అడిగితే బదులు రాలేదు. బండి పక్కకు తీసి చూశాను. ఆవిడ నిద్రపోతోంది. చిన్నగా గురక కూడా పెడుతోంది.

ఆ రోజు గడువు దాటలేదు. పెద్దమ్మ వంతెన దాటి మళ్ళీ లోపలికొచ్చింది. అన్నకు కూతురు పుట్టినప్పుడు లేబర్ రూము బయట నర్సు చేతిలోంచి బిడ్డను అందుకుని, ఎవరూ అడక్కుండానే "తీసుకున్నా," అంది. తర్వాత ప్రొద్దుటూరు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

వచ్చే శుక్రవారం నేను ఖఫ్జీ పోతున్నాను. టైర్లు చూపించాను. డ్యూటీలో ఉన్న నర్సు ఎవరో ఒకరు ఉంటారు. నన్ను పిచ్చిదనుకుంటుందో లేదో చూడాలి.

ఖఫ్జీ నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం వంతెన మొదట్లో అన్న టాక్సీ దిగి మా కోసం నిలబడి ఉన్నాడు. పరుగెత్తుకొచ్చి అమ్మ వైపు తలుపు తీసి, లేపబోయి ఆగిపోయాడు. ఆవిడ ఒడిలో కుడి చెయ్యి వెల్లకిలా తెరిచి ఉంది. నిద్రలో కూడా ఆ గుప్పిట విప్పడం తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదని తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం నా వైపు చూశాడు. నేను తాళంచెవి చూపించాను. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. అన్న చప్పుడు కాకుండా తలుపు మూసి, చుట్టూ తిరిగొచ్చి, నేను దిగగానే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను రోడ్డు పక్కన నిలబడ్డాను. బండి మెల్లగా వరసలో కలిసింది. కిటికీ అద్దానికి ఆనిన తల, దుమ్ములో వెలుగుతున్న దీపాల కింద ఒక్కో దీపం దాటినప్పుడల్లా ఒకసారి కనిపించి పోతున్న ఆ ఖాళీ అరచెయ్యి.